బైక్ పనుల్లో ఏవి ఇంట్లో, ఏవి వర్క్‌షాప్‌లో: తేల్చుకోవడం ఎలా

సర్వీసింగ్ ఇంట్లో చేసుకోవచ్చా అని బైక్ ఉన్నవాళ్లను అడిగితే రెండే రకాల జవాబులు వస్తాయి. "అంతా ఇంట్లోనే అయిపోతుంది, మెకానిక్‌కి ఇవ్వడం దండగ" అనేవాళ్లు కొందరు. "చెయ్యి పెట్టకు, ఉన్నది కాస్తా పాడవుతుంది" అనేవాళ్లు కొందరు. నేను రెండు గుంపుల్లోనూ కొన్నాళ్లు ఉన్నాను. అంతా ఇంట్లో చేయబోయి ఒక ఇంజిన్ కేసు పాడుచేసుకున్నాను. అంతా వర్క్‌షాప్‌కి వదిలేసి ఒక చైన్ సెట్‌ను ఆయువు తీరకముందే మార్చుకున్నాను. ఇప్పుడు బండిని మొత్తంగా చూడడం మానేసి, ఒక్కో పనిని విడిగా చూస్తున్నాను.

ప్రతి పనికీ వేసుకునే ప్రశ్న ఒకటే. ఇందులో నేను పొరపాటు చేస్తే అది స్టాండు మీదే తెలుస్తుందా, రోడ్డు మీద తెలుస్తుందా? ఆయిల్ తక్కువ పోస్తే ఇంజిన్ పక్కనున్న గాజు కిటికీలో కనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గు క్యాప్ సరిగా కూర్చోకపోతే బండి స్టార్టే కాదు, లేదా తడబడుతుంది. ఇవి స్టాండు మీద తెలిసే తప్పులు. సరిదిద్దుకోవచ్చు, నవ్వుకోవచ్చు. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) బోల్టు బిగించడం మర్చిపోతే మాత్రం అది వాకిట్లో ఏమీ చెప్పదు. బండి కదులుతుంది, బ్రేకు కూడా పడుతుంది, ఎప్పుడో వేగంగా వెళ్తున్నప్పుడు బయటపడుతుంది. మొదటి రకం పనులు ధైర్యంగా ఇంట్లో మొదలుపెట్టండి. రెండో రకానికి సరైన పనిముట్టు, నేర్చుకున్న చెయ్యి రెండూ ఉన్నాకే ముట్టుకోండి.

ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొన్ని పనులకు నైపుణ్యం కావాలి, కొన్నింటికి కావాల్సింది ఓపిక మాత్రమే. వర్క్‌షాప్‌లో నైపుణ్యం ఉంటుంది. మీ మోడల్ లాంటివి వందలు విప్పిన చేతులు, లిఫ్టు, ఎలక్ట్రానిక్ లోపాలు చదివే స్కానర్, బిగుసుకున్న భాగాలను లాగి తీసే పుల్లర్లు ఉంటాయి. ఉండనిది ఖాళీ సమయం. పది బళ్లు వరుసలో నిలబడి ఉంటే మీ చైన్ మీద ఎవరూ అరగంట కూర్చోరు. మీరు కూర్చోగలరు. అందుకే ఓపిక పనుల్లో ఇల్లే గెలుస్తుంది.

వారంటీ నడుస్తున్న కొత్త బండి అయితే షెడ్యూల్ ప్రకారం వచ్చే సర్వీసులు అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీస్ పుస్తకంలో ముద్ర ఉంటే వాదించే పని తప్పుతుంది. ఆ రోజుల్లో ఇంటి పని అంటే గాలి చూసుకోవడం, చైన్ శుభ్రం చేసుకోవడం, వదులైనవి గమనించడం. అంతవరకే.

చైన్: ఇంట్లోనే, అనుమానం లేదు

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే చైన్ దగ్గరే. ప్రతి 500 నుంచి 1000 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసిన తర్వాత తప్పనిసరిగా చూసుకోవాల్సిన పని ఇది. ఇంత తరచుగా వచ్చేదాని కోసం వర్క్‌షాప్‌కి తిరగడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఇంట్లో చేసుకోకపోతే ఇది అసలు జరగదు.

శుభ్రం చేయడానికి ముందున్న ఎంపికలు మూడు: కిరోసిన్, చైన్ క్లీనర్ స్ప్రే, పెట్రోల్. మూడోదాన్ని మర్చిపోండి. నిప్పు భయం ఒకటి, రెండోది రబ్బరు. ఇప్పుడు చాలా బళ్లకు ఓ-రింగ్ చైన్లు వస్తున్నాయి. లింకుల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి. పిన్నుల దగ్గర ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు బయటికి పోకుండా అవే కాపలా. పెట్రోల్ ఆ రబ్బరును పాడుచేస్తుంది. రబ్బరు పోతే లోపలి గ్రీజు పోతుంది, ఆపైన మీరు బయట ఎంత స్ప్రే కొట్టినా అది లోపలికి చేరదు. తీగ బ్రష్, ప్రెషర్ వాషర్ కూడా అదే పని చేస్తాయి. కిరోసిన్, మెత్తటి బ్రష్, పాత గుడ్డ చాలు. స్ప్రే కొన్నా తప్పులేదు, మురికి త్వరగా ఊడుతుంది, పని శుభ్రంగా ఉంటుంది. దాని మీద ఓ-రింగ్ చైన్లకు పనికొస్తుందని రాసి ఉందో లేదో మాత్రం చూడండి.

పూతకి వచ్చేసరికి ఎంపిక నిజంగా మీ దారిని బట్టి ఉంటుంది. చైన్ లూబ్ స్ప్రే అంటుకుని ఉంటుంది, చక్రం మీదికి చిమ్మడం తక్కువ, కానీ దుమ్ము దారుల్లో ఆ జిగురే మట్టిని పట్టుకుని నల్లటి పేస్టులా తయారవుతుంది. 90 నంబర్ గేర్ ఆయిల్ చాలా పాత పద్ధతి, చక్కగా పనిచేస్తుంది. కాకపోతే చిమ్ముతుంది, తరచుగా వేయాలి. మైనపు రకం స్ప్రేలు ఆరాక పొడిగా ఉంటాయి, దుమ్ముకి మంచివి, వానకి కాస్త తొందరగా పోతాయి. రోజూ పొడి దుమ్ములో తిరిగేవాళ్లకు మైనం రకం, తడి దారుల్లో తిరిగేవాళ్లకు అంటుకునే స్ప్రే, చేతికి నూనె అంటినా పర్వాలేదనుకునేవాళ్లకు గేర్ ఆయిల్ అని చెబుతాను. గ్రీజు వద్దు. పైన మందంగా కూర్చుని ఇసుకను దాచిపెట్టుకోవడం తప్ప రోలర్ల సందుల్లోకి దిగదు.

మామూలు డబ్ల్యూడీ-40 డబ్బా చైన్ పూతకు సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఆ పేరులోనే జవాబుంది. డబ్ల్యూడీ అంటే 'వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్', నీటిని తరిమేయడం. 1953లో తుప్పు పట్టకుండా ఉండేందుకు చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది ఫలించిందట, అందుకే 40. తడి తీయడానికి, బిగుసుకున్న నట్టు వదులు చేయడానికి దానికి దండం పెట్టొచ్చు. చైన్ మీద నిలిచే పూత మాత్రం అది కాదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి, గేర్లో వేసి, తిరుగుతున్న చైన్ మీద గుడ్డ పెట్టి తుడిచేవాళ్లను చూశాను. గుడ్డ చైన్‌కీ స్ప్రాకెట్‌కీ (చైన్ తిరిగే పళ్ల చక్రానికీ) మధ్య చిక్కుకుంటే వెనకాలే వేళ్లు వెళ్తాయి. వేళ్లు పోయినవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి. పూత చైన్ లోపలి వైపు, అంటే స్ప్రాకెట్‌ను తాకే వైపు కొట్టండి. బండి తిరిగి వచ్చిన వెంటనే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే బాగా పాకుతుంది. వేశాక కాసేపు వదిలేయండి, రాత్రంతా ఆగితే ఇంకా మంచిది.

బిగువు సంగతి వేరు. కొలవడం ఇంటి పని, సరిచేయడం సగం ఇంటి పనే. రెండు స్ప్రాకెట్ల నడుమ, కింది వరుస చైన్ దగ్గర స్కేలు నిలబెట్టి, వేలితో కిందికీ పైకీ ఆడించి ఎంత కదులుతుందో చూడండి. చాలా బళ్లకు 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది, పొడవైన సస్పెన్షన్ ఉన్నవాటికి ఇంకా ఎక్కువ. మీ బండి అంకె స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది. సైడ్ స్టాండు మీద కొలవాలా, సెంటర్ స్టాండు మీద కొలవాలా అన్నది కూడా అక్కడే ఉంటుంది. ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూస్తే ఎక్కడో ఒకచోట ఎక్కువ బిగువుగా తగులుతుంది. లెక్క ఆ చోటికే.

నేను చైన్ సెట్ పోగొట్టుకున్నది ఈ లెక్క తెలియకే. ఒక సర్వీసు తర్వాత బండి గంటకు 40 కిలోమీటర్లు దాటగానే వెనకనుంచి తుమ్మెద రొదలాంటి చప్పుడు మొదలైంది. కొత్త ఆయిల్ వల్లనేమో, అలవాటవుతుందిలే అనుకున్నాను. రెండు నెలలకు స్కేలు పెట్టి చూస్తే చైన్ 10 మిల్లీమీటర్లు కూడా ఆడడం లేదు. వీణ తీగలా ఉంది. అప్పటికే కొన్ని లింకులు పట్టేసి వంకరగా నిలబడ్డాయి. చైన్ వదులుగా ఉంటే చప్పుడు చేసి తనే చెబుతుంది. మరీ బిగుతుగా ఉంటే చప్పుడు తక్కువ, నష్టం ఎక్కువ. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ దాకా వెళ్తుంది. ఎవరు సర్వీసు చేసినా సరే, బండి ఇంటికి రాగానే స్కేలు పెట్టడం అప్పటినుంచి అలవాటైంది.

సరిచేసేటప్పుడు వెనక చక్రం ఇరుసు నట్టు వదులు చేయాలి. ఇది 'రోడ్డు మీద తెలిసే' రకం. స్వింగార్మ్ రెండు వైపులా గీతలు సమానంగా ఉండాలి, నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (తిప్పే బలం కొలతకి) బిగించాలి, స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది పెట్టాలి. వెనక డ్రమ్ బ్రేకు ఉన్న బళ్లలో చక్రం కాస్త జరిగినా బ్రేకు పెడల్ ఆట మారిపోతుంది, అదీ సరిచూసుకోవాలి. ఆ బలాన్ని చూపించే టార్క్ రెంచ్ లేనివాళ్లు చైన్ ఆట కొలిచి, "ఇంత ఉంది, ఇంత ఉండాలి" అని కాగితం మీద రాసి వర్క్‌షాప్‌కి ఇవ్వడమే మేలు.

చైన్‌ను పూర్తిగా ఎప్పుడు మార్చాలి? వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగం కంటే ఎక్కువ బయటపడితే దాని కాలం తీరింది. స్ప్రాకెట్ పళ్లు ఒక వైపుకి వంగి కొక్కేల్లా కనిపించినా అంతే. అప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చండి. చైన్ రెండు కొసలను కలిపే రివెట్ లింకు కొట్టాలంటే ప్రత్యేక పనిముట్టు కావాలి కాబట్టి అది వర్క్‌షాప్ పని.

ఇంజిన్ ఆయిల్: ఎవరు మార్చాలి, ఏది పోయాలి

ఆయిల్ మార్చడం చూడ్డానికి మహా సులువు. ఒక బోల్టు విప్పాలి, కారనివ్వాలి, బిగించాలి, పోయాలి. ఆ బోల్టు దగ్గరే నేను దెబ్బతిన్నాను.

పాత ఆయిల్ అంతా కారిపోయింది. బోల్టు తుడిచి, చేత్తో నాలుగు చుట్లు ఎక్కించి, పానా వేశాను. బిగిసింది. అక్కడ ఆగాల్సింది. మళ్లీ కారుతుందేమో అన్న టెన్షన్‌తో ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లాగాను. గట్టిగా ఎదురు నిలుస్తున్న పానా ఉన్నట్టుండి మెత్తబడింది. చప్పుడేమీ రాలేదు, చేతికి బరువు తగ్గిందంతే. బోల్టు బయటికి తీస్తే దాని గాళ్లలో సన్నటి వెండి రంగు తీగ స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. అది ఇంజిన్ కేసులో ఉండాల్సిన అల్యూమినియం మర. బోల్టు ఉక్కుది, కేసు అల్యూమినియంది, పోటీలో ఎవరు ఓడతారో వేరే చెప్పాలా. బండిని ఆటోలో వేసుకెళ్లి కొత్త మర వేయించాల్సి వచ్చింది.

డ్రెయిన్ బోల్టుకి చాలా బళ్లలో 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. పావు మీటరు పొడవున్న పానా కొసన సుమారు 10 కిలోల బలంతో లాగితే 25 వచ్చేస్తుంది. మనం భయంతో లాగేది అంతకు రెండింతలు. కారకుండా ఆపేది మన బలం కాదు, బోల్టు కింద ఉండే మెత్తటి వాషర్. అది ప్రతిసారీ కొత్తది వేయండి.

ఆ ఒక్క అదుపు వచ్చాక ఇది మంచి ఇంటి పని. తప్పు జరిగితే స్టాండు మీదే తెలుస్తుంది. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, కింద గుడ్డ పరిచి చూస్తే చుక్క పడుతుందో లేదో కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు కేసుకే అంటుకుని ఉండిపోలేదని చూసుకోండి. పాతదాని మీద కొత్తది కూర్చుంటే ఆయిల్ చిమ్ముతుంది. మాన్యువల్‌లో ఆయిల్ కొలతలు రెండు మూడు ఉంటాయి: మామూలుగా మార్చినప్పుడు, ఫిల్టర్‌తో మార్చినప్పుడు, ఇంజిన్ పూర్తిగా విప్పినప్పుడు. మూడో అంకె చూసి పోసి, ఎక్కువైన ఆయిల్ గాలి గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చిందని కంగారుపడేవాళ్లు చాలామంది. మొదట కాస్త తక్కువే పోసి, ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి, బండిని నిటారుగా నిలబెట్టి చూస్తూ నింపండి.

ఏ ఆయిల్ అన్నదానికి వస్తే, మినరలా, సెమీ సింథటికా, ఫుల్ సింథటికా అన్న చర్చకే అందరూ దిగుతారు. నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న చిక్కదనం: 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 లాంటి అంకెల్లో మీ మాన్యువల్ ఏది చెబితే అదే. రెండోది క్లచ్. ఎక్కువ బైకుల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కార్లకోసం చేసిన కొన్ని ఆయిళ్లలో ఇంధనం ఆదా కావడానికి రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. రాపిడి తగ్గితే క్లచ్ ప్లేట్లు జారతాయి. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉందో లేదో చూడాలి. జపాన్‌లో 1998లో వచ్చిన ఈ ప్రమాణం తడి క్లచ్ ఉన్న బైకుల కోసమే. ఎంబీ అని ఉన్నది రాపిడి తక్కువ రకం, బెల్టుతో నడిచే ఆటోమేటిక్ స్కూటర్లకు సరిపోతుంది. స్కూటర్ కోసం తెచ్చిన డబ్బాలో మిగిలింది గేర్ల బైక్‌లో పోసేయడం ఇంట్లో తేలిగ్గా జరిగే పొరపాటు.

ఈ రెండూ కుదిరాక మూడోది మీ వాడకం. ఎక్కువ వేడిలో, ఎక్కువ వేగంతో, దూరాలు తిరిగేవాళ్లకు సింథటిక్ బాగుంటుంది. వేడికి త్వరగా పలచబడదు. పాత సాదా ఇంజిన్‌తో రోజూ కొద్ది దూరాలు తిరిగేవాళ్లు మంచి మినరల్ ఆయిల్ పోసి సమయానికి మార్చుకుంటే లోటేమీ ఉండదు. ఖరీదైన సింథటిక్ పోసి, మార్చడం మర్చిపోవడం కంటే అదే నయం.

వాడిన ఆయిల్ కాలువలో పోయకండి, మట్టిలోనూ వద్దు. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాలోనే గరాటుతో నింపి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌కి ఇవ్వండి. అలా ఇచ్చే వీలు లేనివాళ్లు ఆయిల్ మార్చడం వర్క్‌షాప్‌లోనే చేయించుకోవడం సబబు.

బ్రేకులు: చూడడం మీది, విప్పడం ఆలోచించి

బ్రేకుల్లో మూడు మెట్లున్నాయి. చూడడం మొదటిది. టార్చి వేసి కాలిపర్ లోపలికి చూస్తే ప్యాడ్ మందం కనిపిస్తుంది. దాని మీద ఉండే గాడి అరిగి మాయమైతే, లేదా మందం 2 మిల్లీమీటర్ల లోపుకి వస్తే మార్చాల్సిందే. బ్రేకు ఫ్లూయిడ్ ఎంతవరకు ఉందో దాని డబ్బా గీతల్లో కనిపిస్తుంది. ఇది నెలకోసారి ఎవరైనా చేయొచ్చు. ఫ్లూయిడ్ నెమ్మదిగా తగ్గుతుంటే వెంటనే నింపేయకండి, ప్యాడ్లు అరిగాయేమో ముందు చూడండి. అరిగిన ప్యాడ్ వెనక పిస్టన్ బయటికి వచ్చి, ఆ మేరకు ఫ్లూయిడ్ కిందికి దిగుతుంది.

రెండో మెట్టు ప్యాడ్లు మార్చడం. చాలా బళ్లలో రెండు బోల్టులు, ఒక పిన్ను. కష్టం కాదు, కానీ బోల్టు టార్క్ తప్పితే రోడ్డు మీదే తెలుస్తుంది. ఒకసారి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చేశాక ఒంటరిగా చేయండి. పిస్టన్‌ను లోపలికి నెట్టాక లీవర్ ఖాళీగా పోతుంది. బండి ఎక్కే ముందు గట్టిపడేవరకు నాలుగైదుసార్లు నొక్కి తీరాలి. ఇది మర్చిపోయి గేటు దాకా వెళ్లి, బ్రేకు నొక్కితే లీవర్ హ్యాండిల్‌కి తాకిన అనుభవం నాకుంది. గేటు మూసి ఉంది. వేగం లేదు కాబట్టి ముందు మడ్‌గార్డుతోనే పోయింది.

మూడో మెట్టు ఫ్లూయిడ్ మార్చి ఎయిర్ తీయడం. దీన్ని వర్క్‌షాప్‌కే ఇస్తాను. గాలి బుడగ ఒక్కటి మిగిలినా లీవర్ స్పాంజిలా అవుతుంది, ఏబీఎస్ ఉన్న కొన్ని బళ్లలో స్కానర్ లేకుండా ఆ గాలి పూర్తిగా రాదు. పైగా ఫ్లూయిడ్ పెయింట్‌ను తినేస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు మాన్యువల్ చెప్పిన రకమే వాడండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే గ్లైకాల్ కుటుంబం. డాట్ 5 సిలికాన్, పేరు దగ్గరగా ఉంది కదా అని 5.1కి బదులు పోస్తే అంతే సంగతులు. గ్లైకాల్ రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతుండగా లీవర్ మెత్తబడడానికి ఒక కారణం ఇదే. రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెప్పేది అందుకే. ఎప్పుడో తెరిచి పెట్టిన సీసాలోది మాత్రం వాడొద్దు.

మిగిలినవి, గబగబా

టైరు గాలి ఇంటి పనే. చిన్న గేజ్ ఒకటి ఉంటే చాలు. బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడెక్కితే అంకె పెరిగి మోసం చేస్తుంది. టైరు గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2323 అంటే 2023లో 23వ వారం తయారైందని. టైరు ఊడదీసి మార్చడం మాత్రం యంత్రం ఉన్నవాళ్లకే వదలండి.

బ్యాటరీకి మల్టీమీటర్ చాలు. నిండుగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, బండి కొన్ని గంటలు ఆగాక, 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12కి దిగితే బ్యాటరీ ఖాళీ అయినట్టే. ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఛార్జింగ్ సర్క్యూట్‌ది. అప్పుడు కొత్త బ్యాటరీ కొనేయకుండా వర్క్‌షాప్‌లో చూపించండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు.

ప్లగ్గు ఇంట్లో మార్చుకోవచ్చు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక. వేళ్లతోనే చివరిదాకా ఎక్కించాలి. వేళ్లతో ఎక్కడంలేదంటే మర అడ్డంగా పడుతోందని అర్థం, పానా వేయకండి. కొత్త వాషర్ ఉన్న మామూలు ప్లగ్గుకి వేళ్ల బిగువు తర్వాత సుమారు సగం చుట్టు చాలు. ఇరిడియం రకం కొంటే ఎక్కువ కాలం వస్తుంది. దాని సూది ముల్లు దగ్గర గ్యాప్ సరిచేద్దామని గుచ్చితే విరుగుతుంది.

ఎయిర్ ఫిల్టర్‌లో రకం చూసి దిగండి. ఫోమ్ అయితే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పెట్టొచ్చు. ఆయిల్ పట్టించిన కాగితం రకం అయితే గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చడమే.

టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం) దగ్గర బళ్లు రెండుగా చీలిపోతాయి. స్క్రూ, లాక్ నట్ ఉన్న సాదా ఇంజిన్ అయితే సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో, చల్లటి ఇంజిన్ మీద, చెయ్యి తిరిగినవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. బకెట్ కింద షిమ్ములు (సందు సరిచేసే లోహపు బిళ్లలు) ఉండే ఇంజిన్ అయితే క్యామ్ షాఫ్ట్ తీయాలి, టైమింగ్ ఒక పన్ను తప్పినా వాల్వులు వంగే ప్రమాదం. అది వర్క్‌షాప్‌కే. ఫోర్క్ సీళ్లు, స్టీరింగ్ బేరింగ్, ఇంజెక్షన్ లోపాలు కూడా అంతే.

పనిముట్లు: పెద్ద పెట్టెనా, నాలుగు మంచివా

నూట యాభై ముక్కల పెట్టె చూస్తే ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అందులో మీ బండికి పనికొచ్చేవి పదిహేను, అవీ నాసిరకం ఉక్కువైతే మొదటి గట్టి నట్టుకే నోరు తెరుస్తాయి. నేనైతే విడిగా కొంటాను. 8 నుంచి 17 మిల్లీమీటర్ల దాకా రింగు పానాలు, ఆరు మూలల సాకెట్లు, ఎల్ కీలు, ఒక టార్క్ రెంచ్. ఇరుసు నట్టుకి తగిన పెద్ద సాకెట్ ఒకటి మీ బండి చూసి కొనండి. నట్టును రెండు పక్కలే పట్టుకునే డీ పానా కంటే చుట్టూ పట్టుకునే రింగు పానా నయం, నట్టు మూలలు అరగవు. అడ్జస్టబుల్ పానాతో బండి నట్లు ముట్టుకోకండి.

టార్క్ రెంచ్‌లోనూ ఎంపిక ఉంది. అర అంగుళం డ్రైవ్ ఉన్న పెద్దది ఇరుసు నట్టుకి బాగుంటుంది కానీ డ్రెయిన్ బోల్టు లాంటి చిన్నవాటికి దాని కింది హద్దు దగ్గర కచ్చితత్వం ఉండదు. ఒక్కటే కొనగలిగితే 3/8 అంగుళం డ్రైవ్‌ది, 10 నుంచి 100 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసేది తీసుకోండి. పని అయ్యాక కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టండి, లోపలి స్ప్రింగ్ అలసిపోకుండా.

జపాన్ బళ్ల స్క్రూల తలలు పదేపదే అరిగిపోతున్నాయా? మీ చెయ్యి బరువే కారణం కాకపోవచ్చు. వాటి ప్లస్ గాడి జిస్ అనే జపాన్ ప్రమాణంలో ఉంటుంది, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా దిగక పైకి లేచిపోతుంది. చాలా స్క్రూల తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. జిస్ స్క్రూడ్రైవర్ ఒక్కటి కొన్నాక ఆ గొడవ పోయింది.

స్టాండు విషయంలో, బండికి సెంటర్ స్టాండు ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోతే వెనక చక్రం లేపే ప్యాడక్ స్టాండు కావాలి. దాన్ని ఒంటరిగా వేయడం అలవాటయ్యేదాకా రెండో మనిషిని పక్కన ఉంచుకోండి. చదునైన నేల లేని చోట ఏ స్టాండూ నమ్మదగింది కాదు.

వీడియోలు చూసి నేర్చుకోవాలా, సర్వీస్ మాన్యువల్ చూసా? వీడియోలో చేతుల కదలిక తెలుస్తుంది, మాన్యువల్‌లో అంకె దొరుకుతుంది. టార్క్, ఆయిల్ కొలత, క్లియరెన్స్ ఏదైనా సరే వీడియోలో విన్న అంకెతో పని చేయకండి. అది ఇంకో ఏడాది మోడల్‌ది అయి ఉండొచ్చు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. వర్క్‌షాప్ తెరిచి ఉండే రోజు, పొద్దున్నే. మర్నాడు బండితో పని పెట్టుకోకండి. విప్పుతూ ప్రతి మెట్టుకీ ఫోన్‌తో ఫొటో తీయండి, బోల్టులు ఏ కన్నంలోవి ఆ వరుసలో అట్టముక్కకి గుచ్చి పెట్టండి. పొడవులో 5 మిల్లీమీటర్ల తేడా ఉన్న రెండు బోల్టులు తారుమారైతే పొడవైనది కేసు పగలగొడుతుంది. ఏదైనా బోల్టు కదలకపోతే నూనె కొట్టి పావుగంట ఆగి ఇంకోసారి ప్రయత్నించండి. రెండోసారీ కదలకపోతే పానా కింద పెట్టేయండి. తల అరగని బోల్టును మెకానిక్ ఐదు నిమిషాల్లో తీస్తాడు. తల గుండ్రంగా అయిపోయినదాన్ని తీయాలంటే డ్రిల్లు పట్టుకోవాలి, అప్పుడు లేచే రజను మీ ఇంజిన్ దగ్గరే పడుతుంది.